కాగితం మీద 8 మిగులుతోంది, చేతిలో ఏమీ ఉండట్లేదు: పొదుపు ఎక్కడ మొదలుపెట్టాలి?

నెలాఖరు_మనిషి:

జీతం చేతికి 100 వస్తుందనుకోండి. అసలు అంకె చెప్పినా ఎవరి ఖర్చులు వాళ్ళవి కాబట్టి ఉపయోగం ఉండదు, ఈ లెక్కయితే ఎవరికైనా అర్థమవుతుంది. అద్దె 28. ఇంటి సామాన్లు, కరెంటు, గ్యాస్ అన్నీ కలిపి 24. పిల్లల ఫీజు నెలవారీ 9. పర్సనల్ లోన్ వాయిదా 15, ఇంకా 7 వాయిదాలున్నాయి. రానుపోను ఖర్చులు, ఫోను, ఇంటర్నెట్ 9. అమ్మానాన్నలకి 5. క్రెడిట్ కార్డుకి మినిమం 2. కూడితే 92. అంటే 8 మిగలాలి. కాగితం మీద బాగానే మిగులుతుంది, చేతిలో మాత్రం ఎప్పుడూ లేదు.

ప్రతి నెలా ఏదో ఒకటి వచ్చి పడుతుంది. ఒక నెల బండి టైరు, తర్వాతి నెల చిన్నోడికి జ్వరం, అది సర్దుకునేలోపు దగ్గరవాళ్ళింట్లో పెళ్ళి, ఇంతలో ఇన్సూరెన్స్ ప్రీమియం మెసేజ్. 8 సరిపోకపోతే కార్డు గీకడం. కార్డు మీద ఇప్పుడు 40 బాకీ ఉంది, నెలకి నూటికి 3 వడ్డీ. మినిమం కడుతూ వస్తున్నాం కాబట్టి ఫోన్లయితే రావట్లేదు, బాకీ మాత్రం ఉన్నచోటే ఉంది.

జీతం పడగానే ముందు పొదుపు తీసి పక్కన పెట్టండి, మిగిలింది ఖర్చు పెట్టుకోండి అంటారు కదా, అదీ చూశాం. 10 తీసి వేరే ఖాతాలో వేస్తే మూడో వారానికల్లా మళ్ళీ వెనక్కి లాక్కోవాల్సి వచ్చింది. 50-30-20 అని వీడియోలు చూస్తే నవ్వొస్తోంది, తప్పనిసరి ఖర్చులు సగంలో అయిపోవాలట, 30 సరదాలకి, 20 పొదుపుకట, మాకు అద్దె, వాయిదా, ఫీజు కలిపితేనే సగం దాటిపోయింది.

రెండే ప్రశ్నలు. ముందు కార్డు తీర్చాలా, ముందు కొంత డబ్బు పోగెయ్యాలా? రెండోది, పోగేసినా ఆ డబ్బు నిలవాలంటే ఎక్కడ ఎలా పెట్టాలి? దయచేసి సినిమాలు మానెయ్యండి, బయట తినడం మానెయ్యండి అని మాత్రం రాయకండి, ఆ రెండూ మానేసి చాలాకాలమైంది.

పాత_పద్దు:

మీ లెక్కలో ఒక పద్దు లేదు. అది లేకపోవడం వల్లే మిగతాదంతా తప్పుగా కనిపిస్తోంది.

టైరు, జ్వరం, పెళ్ళి, ప్రీమియం అని నాలుగు రాశారు, నాలుగూ అనుకోకుండా వచ్చినట్టే రాశారు. ప్రీమియం ఎప్పుడు కట్టాలో పాలసీ కాగితం మీదే ఉంటుంది. టైరు అరుగుతుందని బండి కొన్నరోజే తెలుసు. పిల్లలున్న ఇంట్లో ఏడాదికి నాలుగైదుసార్లు డాక్టరు దగ్గరికి వెళ్ళకుండా ఎవరికీ జరగదు. ఏ నెలలో వస్తాయో తెలియకపోవచ్చు గానీ, ఏడాదిలో వస్తాయన్నది మాత్రం ఖాయం. కాబట్టి ఇవి కూడా అద్దెలాంటి ఖర్చులే, కాకపోతే నెలనెలా బిల్లు రాదు.

ఒక గంట కూర్చుని గత ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు, కార్డు స్టేట్‌మెంటు రెండూ తీసి, నెలనెలా రానివన్నీ ఒక కాగితం మీద రాయండి. మీ లెక్కలోనే ఊహించి చెప్తాను, అంకెలు మీరు మార్చుకోండి. ఇన్సూరెన్స్ 12. బండి సర్వీసు, టైర్లు 9. బడి తెరిచేటప్పుడు పుస్తకాలు, బట్టలు, బూట్లు 16. డాక్టర్లు, మందులు 12. పెళ్ళిళ్ళు, ప్రయాణాలు, కానుకలు 15. ఫోను పగలడం, మోటారు కాలడం లాంటివి 8. మొత్తం 72. పన్నెండుతో భాగిస్తే నెలకి 6.

అంటే మీకు నెలకి నిజంగా మిగిలేది 2. మిగతా 6 ఎప్పుడో ఖర్చు రాసిపెట్టుకున్న డబ్బు. 2 మిగిలే ఇంట్లో 10 తీసి పక్కన పెడితే మూడో వారానికి వెనక్కి రాక ఏం చేస్తుంది? మీ క్రమశిక్షణకి వంక పెట్టాల్సిన పని లేదు, ఆ 10 అనే అంకే మీ ఇంటిది కాదు.

అందుకని నా సలహా, పొదుపు అనే పేరు కాసేపు పక్కన పెట్టి ముందు ఆ 6ని జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి పంపండి. దాని పేరు "ఏడాది ఖర్చులు". టైరు మార్చాల్సి వస్తే అందులోంచే తీస్తారు, తీసినందుకు బాధపడక్కర్లేదు, అది అందుకే ఉంది. చాలామంది పొదుపు ఖాతాలోంచి టైరుకి డబ్బు తీసి, "మనవల్ల కాదు" అని మొత్తం వదిలేస్తారు. రెండు రకాల డబ్బుని ఒకే సంచిలో వేయడం వల్ల వచ్చే తిప్పలు ఇవి.

ఇక కార్డు సంగతి. మినిమం అంటే బాకీలో 5 శాతం అనుకుందాం, మీరు రాసిన 2 దానికి సరిపోతోంది. వడ్డీ నెలకి 3 శాతం. కొత్తగా ఒక్కసారి కూడా గీకకుండా ఏడాదంతా మినిమమే కడితే మీ చేతి నుంచి దాదాపు 22 పోతుంది, బాకీ మాత్రం 40 నుంచి 31 దగ్గరికి వచ్చి ఆగుతుంది. 13 వడ్డీకే. పైగా బాకీ తగ్గేకొద్దీ మినిమం కూడా తగ్గుతుంది కాబట్టి అది సంవత్సరాల తరబడి సాగుతూనే ఉంటుంది. ఇంకో సంగతి, పాత బాకీ పూర్తిగా కట్టనంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు సాధారణంగా ఉండదు, గీకిన రోజు నుంచే వడ్డీ. కార్డుని ఇంట్లో బీరువాలో పెట్టెయ్యండి, ఫోన్లో షాపింగ్ యాప్‌లలో సేవ్ చేసిన కార్డు నంబరు కూడా తీసెయ్యండి, బీరువాలో ఉన్నా అక్కడి నుంచి గీకుతూనే ఉంటాం కాబట్టి.

మినిమం 2కి మీ మిగులు 2 కలిపి నెలకి 4 అని గట్టిగా పెట్టుకోండి. బాకీ తగ్గినా 4 తగ్గించొద్దు. ఏడు నెలలకి బాకీ పద్దెనిమిదిన్నర దగ్గరికి వస్తుంది. సరిగ్గా అప్పటికి మీ లోన్ వాయిదాలు అయిపోతాయి. ఎనిమిదో నెలలో ఆ 15, ఈ 4 కలిపి 19 కార్డుకి కొడితే వడ్డీతో సహా బాకీ దాదాపు తుడిచిపెట్టుకుపోతుంది, ఏమైనా ఉంటే చిల్లర. తొమ్మిదో నెల నుంచి నెలకి 19 చొప్పున ఖాళీ. ఏడాది ముగిసేసరికి ముప్పావు జీతం దాకా మీ చేతిలో ఉంటుంది. మీరడిగిన పొదుపు అక్కడ మొదలవుతుంది.

నిట్టూర్పు:

పైన ఆయన చెప్పిన లెక్క బాగుంది, కాదనను. కానీ ఇలాంటి చర్చల్లో నాకు ఎప్పుడూ ఒక విషయం మింగుడుపడదు. ఈ మనిషికి 28 అద్దె, 24 ఇల్లు గడవడానికి. ఇందులో ఇంకా కోసేది ఏముంది? కొంతమందికి పొదుపు సమస్యే కాదు, సంపాదన సమస్య. అది పైకి చెప్పకుండా ఎన్ని చిట్కాలు చెప్పినా ఇటు తీసి అటు పెట్టడమే.

50-30-20 గురించి మీకు నవ్వు రావడం న్యాయమే. ఆ లెక్కని జనంలోకి తెచ్చింది ఎలిజబెత్ వారెన్, కూతురితో కలిసి 2005లో రాసిన పుస్తకంలో, అప్పటికి ఆవిడ అమెరికా సెనేటర్ కాదు, దివాలా చట్టాల మీద పనిచేసిన లా ప్రొఫెసర్. పన్నులు పోగా చేతికొచ్చే దాంట్లో తప్పనిసరి ఖర్చులు సగం దాటితే ఉద్యోగం పోయినా జబ్బు చేసినా తట్టుకోవడం కష్టమని చెప్పడానికి ఆ 50 పనికొస్తుంది. మనవాళ్ళు దాన్ని పరీక్షలో పాస్ మార్కులా చేసి, రానివాళ్ళని తిట్టడానికి వాడుతున్నారు.

ఇంకోటి, నెలాఖరులో మనం తీసుకునే నిర్ణయాలు ఎందుకంత దరిద్రంగా ఉంటాయో దానిమీద ఒక పరిశోధన ఉంది. 2013లో సైన్స్ పత్రికలో వచ్చింది. చెరకు రైతులకి కోతకి ముందు, చేతిలో డబ్బు ఆడనప్పుడు ఒకసారి, కోత అయి డబ్బు చేతికొచ్చాక ఒకసారి బుర్రకి పదును పెట్టే పరీక్షలు ఇచ్చారు. అదే రైతులు, డబ్బు లేనప్పుడు తక్కువ, ఉన్నప్పుడు ఎక్కువ స్కోరు. డబ్బు టెన్షన్ బుర్రలో సగం చోటు ఆక్రమిస్తే మిగతా సగంతో ఏ లెక్క వేస్తాం? అందుకని నేను చెప్పేదల్లా ఒకటే, నెల చివరి వారంలో ఏ డబ్బు నిర్ణయమూ తీసుకోకండి. అప్పు ఆఫర్ వచ్చినా, వాయిదాల మీద వస్తువు కనిపించినా, జీతం పడిన వారంలో చూద్దాం అని వదిలెయ్యండి. సగం ఆఫర్లు అప్పటికి గుర్తుకూడా ఉండవు.

పెద్ద అంకెలు కదపగలరేమో చూడండి. అద్దె తక్కువ ఉన్న ఇల్లు, ఇద్దరిలో ఒకరికి పార్ట్‌టైమ్ పని, జీతం పెంచమని అడగడం, ఉద్యోగం మారడం. ఇవి రాయడం తేలికే, చెయ్యడం కష్టం, నాకూ తెలుసు. కానీ 28లో 4 తగ్గితే అది ప్రతి నెలా తగ్గుతుంది, మళ్ళీ మళ్ళీ మనసు చంపుకోవాల్సిన పని ఉండదు.

నెలాఖరు_మనిషి:

ఇద్దరికీ థాంక్స్. పాత_పద్దు గారూ, నిన్న రాత్రి స్టేట్‌మెంట్లు తీసి ఇద్దరం కూర్చుని రాశాం. మా ఇంట్లో ఏడాది ఖర్చులు మీరు ఊహించినదానికి కాస్త అటూఇటూగా వచ్చాయి, విడివిడిగా చూస్తే తేడాలున్నాయి గానీ మొత్తం దగ్గర దగ్గర 72. ఇంతకాలం 8 ఎక్కడికి పోతోందని ఒకరినొకరు అనుకున్న మాటలు తలుచుకుంటే మా ఇద్దరికీ నవ్వొచ్చింది.

చిక్కు ఏంటంటే బడి ఖర్చు 16 ఇంకో రెండు నెలల్లో వస్తోంది. అప్పటికి మీ లెక్క ప్రకారం ఆ ఖాతాలో 12 ఉంటుంది. 4 తక్కువ. మళ్ళీ కార్డేనా?

ఇంకో మాట కూడా. మాకు డబ్బు కనిపిస్తే చుట్టాల్లో ఎవరో ఒకరికి అవసరం పడుతుంది. చేబదులు అని తీసుకుంటారు, అడగలేం, వాళ్ళు ఇవ్వరు. లేదని అబద్ధం చెప్పడం మా ఇంట్లోవాళ్ళకి చేతకాదు.

పాత_పద్దు:

కార్డు అక్కర్లేదు. ఈ రెండు నెలలూ కార్డుకి 4 బదులు మినిమం 2 మాత్రమే కట్టి, మిగిలే 2 చొప్పున ఏడాది ఖర్చుల ఖాతాలో వేయండి. 12కి 4 కలిస్తే 16. మూడో నెల నుంచి మళ్ళీ 4. దీనివల్ల బాకీ ఎనిమిదో నెలలో తీరాల్సింది తొమ్మిదో నెలకి జరుగుతుంది, అంతే. కొత్తగా 4 గీకడం కన్నా ఇది మేలు.

అందుకే కాగితం మీద ఖర్చు పక్కన నెల కూడా రాయమంటాను, మొత్తం 72 అని రాసి ఊరుకుంటే ఇలాంటి నెలలు కనపడవు. మొదటి ఏడాదే ఈ సర్దుబాటు. రెండో ఏడాదికి ఖాతాలో ఎప్పుడూ ఎంతోకొంత నిలవ ఉంటుంది.

ఆ ఖాతా జీతం ఖాతా ఉన్న బ్యాంకులో వద్దు. వేరే బ్యాంకులో తెరవండి, మినిమం బ్యాలెన్స్ షరతు లేనిది చూసుకోండి, డెబిట్ కార్డు తీసుకోకండి, దాని యాప్ ఫోన్లో పెట్టకండి. అవసరమైనప్పుడు తీయడానికి ఒక రోజు పట్టాలి, అంతకన్నా ఎక్కువ పట్టకూడదు. జీతం పడిన మర్నాటికి ఆటోమేటిక్‌గా వెళ్ళేలా స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ ఇవ్వండి. జీతం ఒక్కోసారి ఆలస్యమయ్యే చోటయితే రెండు మూడు రోజులు వెనక్కి పెట్టుకోండి, లేకపోతే ఖాతాలో డబ్బు లేక అది తిరిగొస్తే ఛార్జీలు మీకే పడొచ్చు. లోన్ వాయిదా తేదీ నెల మధ్యలో ఉంటే జీతం తేదీ దగ్గరికి జరపమని అడగండి, చాలాచోట్ల జరుపుతారు. మొదటి వారంలోనే పోవాల్సినవన్నీ పోతే, ఆ తర్వాత ఖాతాలో కనిపించేది నిజంగా మీ డబ్బే.

చేబదులు విషయంలో అబద్ధం ఎందుకు? "ఉన్నదంతా బడి ఫీజుకి, ప్రీమియానికి రాసేశాం" అని చెప్పండి. అది నిజమే కదా. పేరు పెట్టిన డబ్బుని అడగడానికి ఎదుటివాళ్ళు కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తారు. నిజంగా ఆపదలో ఉన్న మనిషయితే, తిరిగి రాకపోయినా మనకి పర్లేదు అనుకున్నంత ఇచ్చి, అప్పని కాకుండా సాయమని చెప్పి ఇవ్వండి.

రోజు_లెక్క:

మీకందరికీ జీతం తేదీ అంటూ ఒకటుంది, అదృష్టవంతులు. నాది పని దొరికిన రోజు డబ్బు, దొరకని రోజు లేదు. ఒక నెల బాగుంటుంది, ఇంకో నెలలో సగం కూడా రాదు. నెలకి ఇంత అని నియమం పెట్టుకుంటే మొదటి చెడ్డ నెలలోనే అది విరిగిపోతుంది. నాలాంటివాళ్ళు కూడా ఇది చదువుతుంటారని రాస్తున్నాను.

నాకు పనికొచ్చింది శాతం. డబ్బు చేతికొచ్చిన ప్రతిసారీ, అది ఎంత చిన్నదైనా, పదో వంతు ఆ పూటే పక్కకి. రాకపోతే పక్కకి పెట్టేదీ లేదు, బాధాలేదు. ఇంకోటి, గడిచిన ఏడాదిలో అన్నిటికన్నా తక్కువ వచ్చిన నెల ఏదో చూసుకుని, ఇంటి ఖర్చు ఆ నెలకి సరిపోయేలా కట్టుకున్నాం. పూర్తిగా సరిపోలేదనుకోండి, కానీ దగ్గరికి వచ్చింది. మంచి నెలలో పైన వచ్చింది ముందుగా రాబోయే చెడ్డ నెలకి అని ఉంచుతాం, ఆ నెల గడిచాకే మిగతా సంగతి.

బ్యాంకు ఖాతా ఉన్నా నేను కవర్లే వాడతాను. పాత పోస్టు కవరు, పైన "మందులు" అని, కింద పెన్సిలుతో వేసినది, తీసినది, మిగిలినది. తీసిన చోట ఎందుకో కూడా రాస్తాను, "పెద్దమ్మాయి కంటి డ్రాప్స్" అని. కవరు నిండా కొట్టివేతలే, చూడ్డానికి అసహ్యంగా ఉంటుంది. కానీ ఆ రాతలు చూసుకున్నాకే మందుల కవరులో మేం వేసేది చాలట్లేదని, బట్టల కవరులో ఎక్కువ ఉండిపోతోందని తెలిసింది. ఏ యాప్ చెప్పినా నాకంత బుర్రకెక్కేది కాదు. ఇంట్లో ఎక్కువ డబ్బు ఉంచడం ప్రమాదం, కవరు కాస్త బరువెక్కగానే బ్యాంకులో వేసేస్తాను.

చీటీల గురించి ఎవరూ రాయలేదేంటి? పదిమంది కలిసి నెలకింత వేసి, నెలకొకరు తీసుకునేది. నాలాంటివాళ్ళు చాలామంది అలాగే పోగేస్తారు. నలుగురిలో మాట పోతుందన్న భయం ఉంటుంది కాబట్టి ఎలాగోలా కడతాం. దాని బలం అదే. బలహీనత ఏంటంటే మీ వంతు వచ్చేదాకా ఆపదొచ్చినా ఆ డబ్బు మీది కాదు, నడిపేవాడు మంచివాడు కాకపోతే ఎప్పటికీ మీది కాదు. ముందే పాడుకుంటే అది పొదుపు కాదు, అప్పు. చట్టప్రకారం రిజిస్టరయిందో లేదో చూసుకోండి. ఆపదకి వేరే డబ్బు కొంత ఉన్నాకే చీటీలో చేరడం మేలని నా అనుభవం.

వడ్డీలెక్క:

ఇక్కడ ఒక మాట కలుపుతాను. ఆరు నెలల ఖర్చులు చేతిలో ఉండాలి అని అందరూ చెప్తారు, అది తప్పు కాదు. కానీ ఏమీ లేనివాళ్ళకి ఆరు నెలలు అంటే కొండ చూపించడమే. ఏమీ లేకపోవడానికీ, పది రోజుల ఖర్చు ఉండటానికీ మధ్య ఉన్న తేడా, మూడు నెలలకీ ఆరు నెలలకీ మధ్య ఉన్న తేడా కన్నా చాలా పెద్దది. మొదటి పది రోజుల డబ్బే కార్డు గీకనివ్వకుండా ఆపుతుంది.

బ్యాంకులో వచ్చే వడ్డీ ధరల పెరుగుదలకే సరిపోదు కదా, ఆ డబ్బు ఎందుకు నిద్రపుచ్చాలి అని ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు, ముందే చెప్తున్నాను. 72ని వడ్డీ రేటుతో భాగిస్తే డబ్బు రెట్టింపు కావడానికి పట్టే ఏళ్ళు సుమారుగా వస్తాయి. ఏడాదికి 6 శాతం వస్తే 12 ఏళ్ళు. ఇప్పుడు అప్పు వైపు చూడండి. నెలకి 3 శాతం అంటే ఏడాదికి 36 అనుకుంటాం, వడ్డీ మీద వడ్డీ కలిపితే 42 దాటుతుంది. ఏమీ కట్టకుండా వదిలేస్తే రెండేళ్ళలో రెట్టింపు. ఆపద డబ్బు సంపాదించిపెట్టే లాభం దాని వడ్డీలో లేదు, అది తప్పించే ఈ 42లో ఉంది. షేర్లలో పెడితే సరిగ్గా మనకి అవసరమైన నెలలోనే అవి పడి ఉండొచ్చు. ఆ ఆట వేరే డబ్బుతో ఆడండి.

నిట్టూర్పు గారు జీతం పెరగాలన్నారు, నిజమే. కానీ పెరిగిన జీతం నిలవడం కూడా ఒక విద్య. రిచర్డ్ థేలర్, ష్లోమో బెనార్ట్జి అని ఇద్దరు ఆర్థికవేత్తలు ఒక పద్ధతి పెట్టారు, 1998లో మొదట ఒక కంపెనీలో అమలైంది. ఇప్పుడు జీతంలోంచి ఏమీ కోయరు, ముందు ముందు జీతం పెరిగినప్పుడల్లా ఆ పెరిగినదాంట్లో కొంత పొదుపుకి వెళ్ళాలని ఈరోజే సంతకం పెట్టించుకుంటారు. ఎప్పుడు కావాలంటే అప్పుడు మానేయొచ్చు. అందులో చేరినవాళ్ళ పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది. థేలర్‌కి 2017లో నోబెల్ వచ్చింది, ఇదొక్కదానికే కాదనుకోండి.

మీ లోన్ అయిపోయే నెల కూడా జీతం పెరిగినట్టే. 15 ఇన్నాళ్ళూ మీ చేతికి రాలేదు, అది లేకుండా బతకడం ఇంటికి అలవాటైంది. అది ఒక్క నెల ఖాతాలో కనిపించినా దానికి పది అవసరాలు పుట్టుకొస్తాయి. కాబట్టి చివరి వాయిదా తేదీ చూసుకుని, ఆ మరుసటి నెల నుంచి అదే తేదీన 15 పక్కకి వెళ్ళేలా ఇప్పుడే ఇన్‌స్ట్రక్షన్ పెట్టెయ్యండి. కార్డు తీరేదాకా కార్డుకి, తర్వాత పొదుపుకి. కార్డు తీరాక మిగిలే 4 మాత్రం ఇంట్లోకి వాడుకోండి, అన్నీ బిగిస్తే ఎవరూ ఏడాది నిలబడలేరు.

నిట్టూర్పు:

ఆ చివరి వాక్యంతో ఏకీభవిస్తున్నాను, మొదటిసారి ఈ పేజీలో.

ఇంకో మార్గం చూడండి నెలాఖరు గారూ. ఇంత బాకీ ఉంటే కార్డు బాకీని తక్కువ వడ్డీ లోన్‌గా మార్చమని బ్యాంకుని అడగొచ్చు. ప్రాసెసింగ్ ఫీజు ఎంత, ముందే తీర్చేస్తే జరిమానా ఉందా అన్నవి రాతపూర్వకంగా తీసుకున్నాకే ఒప్పుకోండి. మీరు ఎలాగూ తొమ్మిది నెలల్లో తీర్చేసేవాళ్ళయితే, ఫీజులు కలిపి చూస్తే పెద్దగా మిగలకపోవచ్చు. వాయిదా తక్కువ చేస్తామని కాలవ్యవధి మూడేళ్ళకి సాగదీస్తే అసలు వద్దనండి.

నెలాఖరు_మనిషి:

ఇవాళ బ్యాంకుకి వెళ్ళొచ్చాను. కార్డు బాకీ లోన్‌గా మారిస్తే ఫీజు, దానిమీద పన్ను, కనీసం ఏడాది ఉంచాలన్న షరతు చెప్పారు. ఇంటికొచ్చి లెక్కేస్తే మిగిలేది నామమాత్రం, వద్దనుకున్నాం. వాయిదా తేదీ జీతం పడిన మూడో రోజుకి జరపడానికి ఒప్పుకున్నారు, ఫారం ఇచ్చాను. వేరే బ్యాంకులో ఖాతాకి రేపు కాగితాలు పట్టుకెళ్ళాలి.

ఒక సందేహం మిగిలింది. ఏడాది ఖర్చుల ఖాతాలో డాక్టరుకని పెట్టుకున్న 12 ఒకే జ్వరానికి సగం అయిపోతే, పెళ్ళిళ్ళ 15లోంచి తీసుకోవచ్చా, లేక ప్రతి పద్దూ విడిగానే ఉంచాలా?

పాత_పద్దు:

తీసుకోండి. ఖాతా ఒకటే, పద్దులు మీ కాగితం మీదే. డాక్టరు ముందు, పెళ్ళి కానుక తర్వాత. కాకపోతే ఎక్కడి నుంచి ఎక్కడికి మార్చారో రాసుకోండి, వచ్చే ఏడాది డాక్టరు పద్దు 12 పెట్టాలా 16 పెట్టాలా అన్నది ఆ రాతలే చెప్తాయి. ఇన్సూరెన్స్ ప్రీమియం, బడి ఖర్చు ఈ రెండిటినీ మాత్రం దేనికోసమూ ముట్టుకోకండి, తేదీ దాటితే పాలసీ ఆగిపోవచ్చు, బడివాళ్ళు జరిమానా వేయొచ్చు.